మూగబొమ్మకొక నమస్కారము

రేడియోకు మాటయే ప్రాణము. ఇందులో బొమ్మ కనబడదు. చెవి యొక్కటే ఆధారము. అట్టి రేడియోలో మాట లేని బొమ్మను గూర్చి మాటలాడ బూనుట కొంత వింతగా దోచవచ్చును. రేడియోకు కన్ను లేనట్లే ఆ బొమ్మకు నోరు లేదు. ఒకరి లోటు నొకరు తీర్చుకొనవచ్చునను ధైర్యముతో ఈ ప్రసంగమునకు దిగుచున్నాను.

నేను చెప్పబోవు చిత్రము పేరు "ది ఆర్టిస్ట్", అనగా కళాకారుడు. దీనిని తీసినవారు ఫ్రాన్సు దేశస్థులు. 2011వ సంవత్సరము మే నెలలో ఆ దేశమందలి కాన్ పట్టణమున జరిగిన చలనచిత్రోత్సవమున ఇది మొదట ప్రదర్శితమైనది. రంగులును, మాటలును, చెవులు గింగురుమను ధ్వనులును తెరనేలుచున్న కాలమున ఈ బొమ్మను నలుపు తెలుపులలో, మాటలు లేకుండ, 1920 ప్రాంతపు మూకీల ఫక్కిలో తీసిరి. కథ ప్రేమకథ, నడక హాస్యపు నడక, నడుమ కన్నీరును గలదు. 2012 ఫిబ్రవరిలో అమెరికావారి ఆస్కారు బహుమానములలో అయిదు దీనికి వచ్చినవి. ఉత్తమ చిత్రము, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడు, సంగీతము, దుస్తుల కల్పన యనునవి ఆ యైదు. 1929లో జరిగిన మొట్టమొదటి ఆస్కారు సభలో "వింగ్స్" అను మూకీకి పెద్ద బహుమానము లభించినది. ఆ పిమ్మట ఎనుబదియేండ్లకు పైగా ఏ మూకీకిని దక్కని ఆ గౌరవము మరల దీనికి దక్కినది.

మోటారు బండ్లు తిరుగుచున్న బాటమీద కోరి యెడ్లబండి తోలుకొనిపోవుట యెందులకని మీకు ప్రశ్న కలుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. పాతది గనుక మంచిదని నేనీ చిత్రమును మెచ్చుకొనుట లేదు. పాతదానిని గౌరవించుట యనగా నేమి, అది యెట్లు చేయవలెను అను ప్రశ్నకు ఈ వినోదపు కథలో నొక జవాబు దాగియున్నది. పెద్దలైన మీకు ఆ జవాబుతో పని గలదని నా నమ్మకము.

ముందుగా మూకీ యనగా నేమో రెండు మాటలలో జ్ఞప్తికి దెచ్చుకొందము. మూకీలో పాత్రధారి పెదవులు కదలును గాని మాట వినబడదు. తప్పనిసరియైన సంభాషణము మాత్రము నల్లని పలకవంటి దానిపై తెల్లని యక్షరములతో నడుమ నడుమ తెరమీద కనబడును. హాలులో వాద్యగాండ్రు కూర్చుండి కథకు తగినట్లు వాయించెడివారు. మన దేశమున కొన్ని చోట్ల తెరప్రక్కన నిలిచి, చదువు రానివారికి కథ చెప్పు మనుష్యుడును ఉండెడివాడు. తెలుగువారిలో ఈ విద్యకు ఆద్యుడు మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు. ఆయన మద్రాసులో గెయిటీ యను సినిమాహాలు కట్టించెను. కుమారుడు ప్రకాశ్‌ను ఈ విద్య నేర్చుకొన విదేశమునకు బంపెను. ఆ తండ్రికొడుకుల కృషి వలననే 1921లో "భీష్మ ప్రతిజ్ఞ" అను మూకీ వెలువడినది.

ఇంతలో టాకీ వచ్చినది. 1927 అక్టోబరులో అమెరికాలో "ది జాజ్ సింగర్" అను చిత్రమున నటుని పాటలును కొన్ని మాటలును జనులు విని ముగ్ధులైరి. రెండు మూడేండ్లలో అక్కడ మూకీల యంగడి మూతబడెను. మనకు 1931 మార్చిలో బొంబాయియందు "ఆలం ఆరా", 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి "భక్త ప్రహ్లాద" వచ్చినవి. తెరకు నోరు రాగానే నటులకు పరీక్ష వచ్చినది. అంతవరకు కన్నులతోను చేతులతోను మెప్పించినవారిని గొంతు ఎట్లున్నది, ఉచ్చారణ ఎట్లున్నది, పాట వచ్చునా యని యడుగ మొదలిడిరి. సులోచన యను పేరుతో మూకీలలో గొప్ప ప్రఖ్యాతి గాంచిన రూబీ మయర్స్ అను నటి, హిందుస్థానీ సరిగా రానందున కొంతకాలము నటన మాని, ఆ భాష నేర్చుకొని, మరల టాకీలలో బ్రవేశింపవలసి వచ్చెను. తెలుగు టాకీలకు తొలుదొలుత నాటకరంగమున పాడి యారితేరినవారినే పిలిచిరి. "భక్త ప్రహ్లాద"లో లీలావతి వేషము ధరించిన సురభి కమలాబాయిగారు అట్టి నటీమణియే.

ఇక కథ వినుడు. 1927వ సంవత్సరము. అమెరికాలోని హాలీవుడ్డు. జార్జి వాలెంటైన్ అనునతడు మూకీలలో మకుటము లేని మహారాజు. కోరమీసము, తెల్లని పలువరస, ఎల్లప్పుడు వెంట నుండు చిన్న కుక్క, వీనితో నతడు లోకమును మురిపించుచుండెను. ఒకనాడు అతని చిత్రము విడుదలైనప్పుడు హాలు వెలుపల జనుల త్రోపుడులో పెప్పీ మిల్లర్ అను పడుచుపిల్ల పొరబాటున అతనికి తగులుకొనెను. అతడు కోపగింపక నవ్వెను. ఆమె చనువుతో నతని చెక్కిలి ముద్దిడెను. మరునాడు పత్రికలలో ఆ బొమ్మయే.

ఆ పిల్ల నాట్యము చేయు చిన్న వేషము కొరకు అదే స్టూడియోకు వచ్చినది. అక్కడ వారిద్దరి మధ్య ఒక చిన్న ముచ్చట జరుగును. ఒక తెరబట్ట యడ్డముగా నున్నది. దాని క్రింద రెండు కాళ్లు మాత్రము నాట్యమాడుచు జార్జికి గనబడెను. ఆ కాళ్లు ఎవరివో తెలియకయే అతడును వానికి జవాబుగా అడుగులు వేసెను. తెరబట్ట తొలగగానే ఇద్దరును నవ్విరి. ఈ కాళ్ల సంగతి మీరు మరువకుడు. కథ చివర దీనితో పని యున్నది. అతడామెకు అవకాశ మిప్పించెను. ఇతర నటీమణులకు లేనిదేదో నీకుండవలెనని చెప్పి పెదవిమీద పెన్సిలుతో నొక పుట్టుమచ్చ దిద్దెను.

1929లో స్టూడియో యజమాని జార్జిని పిలిచి మాటలాడు బొమ్మను చూపించెను. జార్జి పకపక నవ్వి, అదే భవిష్యత్తయినచో దానిని మీరే యుంచుకొనుడని లేచిపోయెను. మూకీలు మానివేయుటకు స్టూడియో నిశ్చయించినది. జార్జి తన సొంత సొమ్ము ధారపోసి మరియొక మూకీని తీసెను. అది విడుదలైన నాడే పెప్పీ నటించిన టాకీయు విడుదలైనది. దాని పేరు "బ్యూటీ స్పాట్", అనగా పుట్టుమచ్చ! ఆమె హాలుముందు జనులు వరుసలు కట్టిరి. అతని హాలులో కుర్చీలు బోసిగా నుండెను. ఆ దినములలోనే, 1929 అక్టోబరులో, అమెరికా వాటాల బజారు కుప్పగూలి అతని మిగిలిన సొమ్మును గూడ మ్రింగినది. భార్య విడిచిపోయెను. ఇంటి సామానులు వేలమునకు బోయెను. ఏడాదిగా జీతము లేకున్నను విడువని ముసలి కారు డ్రైవరుకు, జీతమునకు బదులు కారునే యిచ్చి పంపివేసెను.

ఒకనాడు త్రాగిన మైకమున అతడు తన పాత చిత్రములనన్నిటిని కుప్పబోసి నిప్పంటించెను. ఇల్లు పొగతో నిండెను. కుక్క పరుగెత్తిపోయి పోలీసు జవానును పిలుచుకొని వచ్చి యజమాని ప్రాణము గాచెను. అతడు స్పృహ తప్పియు ఒక ఫిలిము చుట్టను మాత్రము గుండెకు హత్తుకొని విడువలేదు. ఆసుపత్రికి వచ్చిన పెప్పీ దానిని వెలుతురులో బట్టి చూడగా, అది తామిద్దరును మొదట కలిసి నాట్యమాడిన ముక్క!

ఆమె యతనిని తన యింటికి గొనిపోయి సేవించెను. అచట నొక గదిలో గుడ్డలు కప్పియున్న వస్తువులు అతని కంటబడెను. గుడ్డలు తీసి చూచెను. వేలములో పోయిన తన సామానులే! తనకు తెలియకుండ కొనిపించినది పెప్పీయే. ఆమె దానిని ప్రేమతోనే చేసినది. కాని అతని కది భరింపరాని దయగా తోచెను. కాలిపోయిన తన యింటికి బోయి పిస్తోలు నోట బెట్టుకొనెను. అప్పుడు "ఢాం" అని తెరమీద నక్షరములు కనబడును. మనకు గుండె యాగును. మరుక్షణమున, కారు నడుపుట బాగుగా రాని పెప్పీ ఆత్రముగా వచ్చి యింటిముందరి చెట్టును గ్రుద్దిన చప్పుడది యని తెలియును! శబ్దము లేని బొమ్మలో శబ్దముతోనే మనలను ఏడిపించి, మరల నవ్వించిన నేర్పు ఇది.

పిదప ఆమెకొక యుపాయము తట్టెను. మాటలాడుట ఇతనికిష్టము లేదు, నాట్యమో? ఇద్దరును స్టూడియోకు వచ్చి బూటు మడమలతో నేలపై తాళము వేయు నాట్యమాడి చూపిరి. అప్పుడు మనకు వారి కాలిచప్పుడు వినబడును. ఆయాసముతో పీల్చు ఊపిరి వినబడును. యజమాని మరియొకసారి యాడుమని కోరగా జార్జి సంతోషముగా ఒప్పుకొనును. చిత్రమంతటిలో అతని నోట మనము వినునది ఆ రెండు మాటలే. వానిలో ఫ్రెంచి యాస స్పష్టముగా వినబడును! అతడింతకాలము మాటకేల వెనుదీసెనో ఆ యాసతో మనకు కొంత బోధపడును. గర్వమనుకొన్నదాని యడుగున భయ మున్నది.

ఇక పనివారి సంగతి. దర్శకుడు మిషెల్ హజనావిసియస్. జార్జిగా నటించినవాడు జాన్ దుజార్దాన్. పెప్పీగా నటించిన బెరెనీస్ బెజో దర్శకుని యిల్లాలు. ఫ్రెంచివారి చిత్రమైనను దీనిని అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరముననే, 35 దినములలో తీసిరి. రంగుల ఫిలిముమీద పట్టి, పిదప నలుపు తెలుపులకు మార్చిరి. నేటి వెడల్పు తెర మాని, నాటివలె ఇంచుమించు చతురస్రముగా బొమ్మ నమర్చిరి. టాకీ వచ్చిన తర్వాత సెకనుకు 24 బొమ్మలు చొప్పున ఫిలిము నడుచుట యేర్పాటైనది. వీరు చాల భాగమును సెకనుకు 22 చొప్పున పట్టి, 24 చొప్పున ఆడించిరి. దానిచే మనుష్యుల కదలిక రవంత చురుకై మూకీల నాటి నడక వచ్చినది. ఒక మెట్లదారి రంగమును 1893లో కట్టిన బ్రాడ్‌బరీ భవనమున తీసిరి. అందు పెప్పీ మెట్లెక్కుచు, జార్జి మెట్లు దిగుచు నడుమ కలిసికొందురు. ఎవరి దశ యెటు పోవుచున్నదో చెప్పుటకు ఒక్క మాటయు నక్కరలేకపోయినది.

ఈ బొమ్మను నేను మా యింటి పిల్లలతో కూర్చుండి చూచితిని. మొదట వారు రేడియో చెడినదా, టెలివిజను చెడినదా యని పరిహాసము చేసిరి. పావుగంట గడచుసరికి ఎవ్వరును మాటలాడుట లేదు. ఒక రంగమున పెప్పీ, జార్జి లేని వేళ అతని గదిలో, కొయ్యకు తగిలించిన కోటు చేతిలో తన చేయి దూర్చి, అతడే తన్ను కౌగిలించుకొనినట్లు భావించుకొనును. అది చూచి చిన్నపిల్ల నవ్వినది. దాని తల్లి నవ్వలేదు. ఒకే బొమ్మ వయస్సును బట్టి ఇద్దరికి రెండు విధములుగా నర్థమైనది. మంచి యభినయమునకు ఇంతకంటె గురుతు వేరొకటి నాకు దెలియదు.

పాతదానిని అనుకరించుటలో రెండు దారులు గలవు. ఒకటి వెక్కిరించుట. ఈ దర్శకుడే యిదే నటునితో 2006లోను 2009లోను వెనుకటి గూఢచారి చిత్రముల ఫక్కిని వెక్కిరించుచు రెండు హాస్యచిత్రములు తీసియున్నాడు. వానిలో మనము పాతకాలపువారిని చూచి నవ్వుదుము. రెండవ దారి నమస్కారము. "ది ఆర్టిస్ట్"లో మనము పాతకాలపువారితో గూడి నవ్వుదుము. భేదమంతయు ఆ "చూచి" యను మాటకును "గూడి" యను మాటకును నడుమ నున్నది.

అయితే నమస్కారమునకును హద్దు గలదు. కథ పరాకాష్ఠకు వచ్చినప్పుడు, 1958లో వచ్చిన "వెర్టిగో" అను టాకీకి బెర్నార్డ్ హెర్మన్ కూర్చిన ప్రేమసంగీతమును ఇందులో వాడుకొనిరి. ఆ పాత చిత్రమున నాయికగా నటించిన కిమ్ నోవాక్ 2012 జనవరిలో పత్రికా ప్రకటన ద్వారా దీనిని తీవ్రముగా ఖండించెను. దర్శకుడు తాను గౌరవముతోనే వాడితినని బదులు చెప్పెను. అనుమతితో వాడినది గనుక దొంగతనమనరాదు. అయినను నాకామె మాటలో కొంత న్యాయము కనబడుచున్నది. లుడోవిక్ బూర్స్ స్వయముగా కూర్చిన చక్కని సంగీతము చిత్రమంతట ఉండగా, అన్నిటికంటె బరువైన చోట ఇతరుల రాగమును తెచ్చుకొననేల? పైగా 1958 నాటి రాగము అంతకు మునుపటి కాలపు కథలో కాలదోషము. పొరుగింటి నగ పెట్టుకొని పెండ్లికి బోయిన చందముగా నున్నది.

మరియొక మాట. కథలో జార్జి మొండితనమే యతనిని చెరచినట్లు కనబడును. చరిత్రలో అట్టి మొండివారందరును చెడలేదు. చార్లీ చాప్లిన్ టాకీలు వచ్చిన తర్వాత 1931లో "సిటీ లైట్స్"ను మాటలు లేకుండగనే తీసి నెగ్గెను. సంపూర్ణముగా మాటలాడు చిత్రమునకు ఆయన 1940 వరకు దిగలేదు. మన తెలుగు దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుగారు 1987లో "పుష్పక విమానము"ను ఒక్క సంభాషణ లేకుండ తీసిరి. కమలహాసన్, అమల నటించిన ఆ చిత్రమున రణగొణ ధ్వనులన్నియు వినబడును. మాట మాత్రము లేదు. అదియును నవ్వు నిండిన ప్రేమకథయే. భాష లేదు గనుక అన్ని రాష్ట్రములవారును తమదే యనుకొని చూచిరి. కాబట్టి పాత పద్ధతి చచ్చినదనుట తొందరపాటు. చేతనైనవాని చేతిలో బడినప్పుడు అది మరల లేచి కూర్చుండును.

ఇప్పుడు నేను మొదట చెప్పిన జవాబు దగ్గరకు వచ్చుచున్నాను. పెప్పీ తన గురువువంటివానికి రెండు మారులు సాయము చేసినది. మొదటి మారు అతని వస్తువులను కొని, గుడ్డలు కప్పి, గదిలో భద్రపరచెను. ఆ సాయము అతనిని చావుదాక తరిమెను. రెండవ మారు అతనికి పని కల్పించినది. అతని కాళ్లలోని విద్యకు చోటు చూపినది. ఆ సాయము అతనిని బ్రదికించినది. ఇందొక విచిత్రమును గమనింపుడు. కాలి తాళముతో నాడు నాట్యమునకు చప్పుడే ప్రాణము. మూకీలో దానికి సగమే సొగసు. టాకీలోనే అది నిండుగా వెలుగును. అతడు శత్రువనుకొన్న యంత్రమే అతని పాదములకు పలుకు నిచ్చినది.

మన యూళ్లలో తోలుబొమ్మలాడించువారు, హరిదాసులు, బుర్రకథ చెప్పువారు, పద్యనాటకమున రాగము తీసి "వన్సుమోరు" లందుకొనినవారు ఇంకను కొందరున్నారు. వారికి మనమేమి చేయుచున్నాము? ఏడాదికొకమారు పిలిచి శాలువ గప్పి, ఫొటో తీయించి, పంపివేయుచున్నాము. శాలువయు గుడ్డయే. గదిలోని సామానుమీద కప్పిన గుడ్డకును దానికిని గల భేదమెంతయో ఆలోచింపుడు. ఆ వృద్ధుని ఒక రాత్రి రచ్చబండ యెక్కించి, దీపము పెట్టి, ఊరివారందరు కూర్చుండి కథ వినినచో నది వేరు. అతని చేత నలుగురు కుర్రవాండ్రకు తాళము నేర్పించినచో నది మరియు వేరు. వారు దానిని తమ చేతి ఫోనులలో పట్టి లోకమునకు పంపినను తప్పులేదు. యంత్రము కళకు పగ కాదని కథయే చెప్పినది.

కుర్రవాండ్రకు చెప్పవలసినది ఇంతయే. పెద్దలమైన మనకు మనము చెప్పుకొనవలసినదియు నొకటి గలదు. పెప్పీ తలుపు తట్టినప్పుడు జార్జి తలుపు తీయవలెను గదా! కొత్తదానిని జూచి మనము నవ్వునప్పుడు ఆ నవ్వు తెలివి వలన వచ్చినదో, నా యాస బయటపడునేమో యను జంకు వలన వచ్చినదో ఒక్కక్షణము విచారించుకొనవలెను. యాస బయటపడినది. అందుచే లోకమేమియు మునిగిపోలేదు. యజమాని మరియొకసారి యాడుమనియే యడిగెను.

వీలు దొరికినప్పుడు ఈ బొమ్మను చూడుడు. మనుమలను, మనుమరాండ్రను ప్రక్కన గూర్చుండబెట్టుకొని చూడుడు. మాటలు లేవు గనుక వారికిని మీకును నడుమ దుబాసీ యవసరముండదు.